బ్రౌన్ ట్రౌట్‌ను చూపించిన రాగి రంగు అద్దాలు

ఫ్లై ఫిషింగ్, అంటే పురుగులా కట్టిన తేలికైన ఎరతో చేపలు పట్టడం, మొదలుపెట్టేవాళ్లు రాడ్ గురించే ఆలోచిస్తారు. నన్నడిగితే ముందు నీటి మీది మెరుపును తగ్గించి లోపలిది చూపించే మంచి పోలరైజ్డ్ కళ్ళద్దాలు కొనమంటాను. పెన్సిల్వేనియాలో స్టేట్ కాలేజ్ పక్కన పారే స్ప్రింగ్ క్రీక్ అనే ఏట్లో కొన్నేళ్లుగా రాగి రంగువి వాడుతున్నాను. అక్కడి బ్రౌన్ ట్రౌట్ అనే చేప గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఈ అద్దాల్లోంచి చూసి నేర్చుకున్నదే.

అది సున్నపురాతి ఊటల ఏరు, నీళ్లు తేటగా ఉంటాయి. మే నెలలో ఒక మధ్యాహ్నం గట్టున కూర్చున్నాను. నీటి మీద ఒక్క వలయం కూడా లేదు. అద్దాలు పెట్టుకుని నాచు మధ్య ఇసుకను చూస్తుంటే ముందు ఒక నీడ కనపడింది, ఆ తర్వాతే దాని పైన చేప. ఒక రాయి ముందు, ప్రవాహానికి ఎదురుగా తలపెట్టి, తోక కొద్దిగా ఆడిస్తూ నిలబడి ఉంది. ఉన్నట్టుండి జానెడు పక్కకు జరిగేది, నోరు తెరవగానే లోపలి తెలుపు తళుక్కుమనేది, మళ్ళీ అదే రాయి ముందుకే వచ్చేది. అంటే నీటి అడుగున కొట్టుకొచ్చే పురుగుల్ని తింటోంది. రాయి దగ్గర నీటి వేగం తక్కువ, పక్క ధారలో తిండి వస్తుంది. కష్టపడకుండా కడుపు నిండే ఆ చోటు వదిలి అది దూరం వెళ్లదు, తిండే దాని దారిలోకి రావాలి. వెనకవైపు దానికి కనపడదు కాబట్టి దిగువ నుంచి వెళ్లి, చిన్న నింఫ్‌ను (నీటి పురుగు పిల్లలా కట్టిన, మునిగే ఎర) దానికి బాగా ఎగువన వేశాను. లైన్ వైపు చూడలేదు, నోటి వైపే చూశాను. తెల్లగా మెరవగానే రాడ్ లేపాను, తగిలింది! ఒడ్డుకు తెచ్చి, నీళ్లలోనే హుక్ తీసి వదిలేశాను.

అయితే ఎండ వాలితే కథ మారుతుంది. పెద్ద బ్రౌన్ ట్రౌట్‌లు గట్టు కింది బొరియల్లోంచి మేతకు వచ్చేది ఎక్కువగా చీకటి పడ్డాకే. అప్పుడు ఈ ముదురు అద్దాలు అడ్డమే, తీసి జేబులో పెట్టుకుంటాను. వాన పడి నీళ్లు బురదగా ఉన్నప్పుడూ అంతే. పైగా రెండో వేసవికే లోపలివైపు పూత అంచుల్లో పొరలుగా లేచింది. కొన్న షాపువాళ్లు వారంటీ వర్తించదన్నారు, ఆ కోపం ఇంకా ఉంది.

నాకు సైట్ ఉంది, పవర్ వేయించుకోవడంతో ఖర్చు బాగా పెరిగింది. మీకు సైట్ లేకపోతే ఇంత పెట్టక్కర్లేదు. మీరు వెళ్లేది లోతైన పెద్ద నదులకైతే ఇంత ఉపయోగం కనపడకపోవచ్చు. నాలాగా తేటనీటి చిన్న ఏళ్లలో, పగటిపూట తిరిగేవాళ్లయితే మాత్రం తప్పకుండా తీసుకోండి.