గది కంటే ముందు నీళ్ల తొట్టి చూడండి

ఈసారి సెలవులకు పశువులూ కూరగాయల మడులూ ఉన్న ఇళ్లలో ఉండొద్దామని మా ఆవిడ పట్టుబట్టింది. నాకైతే పెద్ద ఆసక్తి లేదు, తెల్లారుజామున లేవడమంటేనే పడదు. అయినా తొమ్మిది రోజుల్లో మూడు చోట్ల ఉండి వచ్చాం. ఫోటోల్లో మూడూ ఒకేలా ఉన్నాయి, ముందు రెండు కోళ్లు, వెనకాల చిన్న ఇల్లు, చుట్టూ పచ్చదనం. దిగాక చూస్తే ఒకదానికీ ఇంకోదానికీ పొంతనే లేదు. పిల్లలతో వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటిచోట గది మాత్రం బ్రహ్మాండం. మెత్తటి పరుపు, ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్లు, అడగ్గానే పరుగెత్తుకొచ్చే కుర్రాళ్లు. కానీ దాన్ని ఫారం అనడానికి నాకు నోరు రావడం లేదు. 'పిల్లల మూల' అని ఒకటి కట్టి అందులో నాలుగు కుందేళ్లు, రెండు మేకలు, ఒక లేగదూడ పెట్టారు. వచ్చిన ప్రతి పిల్లాడి చేతికీ మేత పొట్లం ఇస్తారు, సాయంత్రానికి ఆ మేకలు తినలేక మొహం తిప్పుకుంటున్నాయి. కుందేళ్లనైతే ఒకరి ఒళ్లోంచి ఇంకొకరి ఒళ్లోకి మారుస్తూనే ఉన్నారు. దూడకు కట్టిన తాడు నీడ దాకా అందడం లేదు. నీళ్ల తొట్టిలో వేలు పెడితే పాచి జిగటగా తగిలింది. అక్కడ పనిచేసే అబ్బాయిని తల్లి ఆవు ఏదని అడిగితే, ఇక్కడ లేదండీ, దూడను మాత్రమే తెచ్చారన్నాడు. ఒక్క రాత్రితో బయటపడ్డాం. హాయిగా నిద్రపోయి రావాలంటే మటుకు దానికి మించింది లేదు, అది కూడా చెప్పాలి.

రెండోచోట గేటు దగ్గరే ఆపేశారు. ఇంటావిడకు యాభై దాటి ఉంటాయి, మేమంతా అక్కా అనే పిలిచాం. "నిన్న ఇంకో ఫారంలో ఉన్నామన్నారు కదా, చెప్పులు ఇక్కడే వదిలేయండి తమ్ముడూ, కోళ్ల గూటి వైపు ఇవి వేసుకుని రండి" అని రబ్బరు చెప్పులు ముందు పడేసింది. ఒకచోటి కోళ్ల జబ్బు ఇంకోచోటికి ఎక్కువగా చెప్పులకు అంటిన పెంటతోనే వెళ్తుందట. ఇదేం మర్యాద అని మొదట చిరాకేసింది కానీ ఇప్పుడు ఎవరైనా అడిగితే మంచి ఫారానికి మొదటి గుర్తు ఇదే అంటాను.

ఆ ఇంట్లో నలుగురు మనుషులు, రెండు ఆవులు, ఐదు మేకలు, పాతిక దాకా కోళ్లు, ఇంటి వెనకాల పన్నెండు మడులు. అతిథుల కోసమని విడిగా ఏ కార్యక్రమమూ లేదు. వాళ్ల పని వాళ్లు చేసుకుంటూ ఉంటారు, కావాలంటే మనం వెనకాలే తిరగొచ్చు. వాళ్ల తొమ్మిదేళ్ల పిల్ల బడికి వెళ్లేలోపు గుడ్లు ఏరి, కోళ్ల నీళ్లు మార్చి, ఎన్ని గుడ్లొచ్చాయో తలుపు వెనకాల సుద్దతో రాస్తుంది. మా అబ్బాయికి పదకొండేళ్లు, ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా తీయడు. వాడు ఆ పిల్ల వెనకాల బుట్ట పట్టుకుని తిరగడం చూసి మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది.

పాలు పితకడం ఐదున్నరకు, మళ్లీ సాయంత్రం ఐదున్నరకు. ఈ టైం అటూఇటూ అయితే పాలు తగ్గుతాయి, పొదుగు బిగుసుకుని ఆవు ఇబ్బంది పడుతుంది, అందుకే చుట్టాలొచ్చినా జ్వరమొచ్చినా ఆ టైం మారదు. అక్క ముందు పొదుగు కడిగి తుడిచింది. మొదటి రెండు మూడు ధారలు గిన్నెలోకి కాకుండా ఒక నల్లటి చిప్పలోకి పిండి, వెలుతురుకు వంచి చూసింది. ఆ నలుపు మీద తెల్లటి తరకలు కనపడితే పొదుగువాపు మొదలైనట్టట. ఏమీ లేదని తేలాకే గిన్నె పెట్టింది. తర్వాత మా అమ్మాయిని కూర్చోబెట్టింది. అది లాగుతుంది, చుక్క రాదు. లాగకూడదు, పైన బొటనవేలూ చూపుడువేలూ బిగించి పాలు వెనక్కి పోకుండా ఆపాలి, ఆపైన మిగతా వేళ్లు ఒక్కొక్కటే కిందికి మూసుకుంటూ రావాలి. మూడో రోజుకు దానికి సన్నటి ధార వచ్చింది, సగం మోచేతి మీద పడింది. నాకు నాలుగో రోజుకు కూడా రాలేదు.

మా అదృష్టం, మేం వెళ్లేసరికి ఒక కోడి పది గుడ్ల మీద పొదుగుతోంది. కోడిగుడ్డుకు 21 రోజులు కదా, క్యాలెండర్లో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నారు, మేం దిగిన రోజు పంతొమ్మిది. ఇరవయ్యో రోజు సాయంత్రం గుడ్డు చెవి దగ్గర పెట్టుకుంటే లోపలి నుంచి కిచకిచ వినిపించింది, మా అమ్మాయి మొహం చూడాలి అప్పుడు. పొద్దున్నే ఒక గుడ్డుకు చిన్న బెజ్జం, అందులోంచి కదులుతున్న ముక్కు. ఇక అంతే, మధ్యాహ్నం దాకా అక్కడే ఆగిపోయింది. మావాడు పెంకు కాస్త ఊడదీస్తానని చెయ్యి పెట్టబోతే అక్క గబుక్కున పట్టుకుంది. లోపలి పొరలో రక్తనాళాలు ఇంకా ఆరవు, పచ్చసొన ఇంకా పిల్ల కడుపులోకి పూర్తిగా వెళ్లదు, తొందరపడి లాగితే రక్తం పోయి చచ్చిపోతుంది, దాని టైం దానికివ్వాలి అని చెప్పింది. రాత్రికి ఏడు పిల్లలు బయటికొచ్చాయి. ఆ సొన బలంతోనే ఒకటి రెండు రోజులు మేత లేకపోయినా ఉండగలవట. మిగతా మూడు రాలేదు. వాటిని మర్నాడు పిల్లలు చూస్తుండగానే తీసి పాతిపెట్టారు, దాచలేదు. మా అమ్మాయి కొంచెం ఏడ్చింది.

తప్పు మావైపు నుంచీ ఒకటి జరిగింది. మూడో రోజు మావాడు మేకల దొడ్డి గడియ సరిగ్గా వేయలేదు. మేం తింటుండగా ఐదు మేకలూ మడుల్లో పడి చిక్కుడు పాదుల చివుళ్లన్నీ కొరికేశాయి. మేక గడ్డి కంటే ఆకూ చివురూ ఎక్కువ ఇష్టపడుతుంది, అంత లేత చివురు ఎదురుగా ఉంటే వదులుతుందా! నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అక్క మాత్రం చిక్కుడు వైపు చూడనే లేదు. నేరుగా దాణా గది తలుపు దగ్గరికి పరుగెత్తి, అది మూసే ఉందని చూశాక గాని ఊపిరి తీసుకోలేదు. చివుళ్లు మళ్లీ వస్తాయి, కానీ మేక ఒక్కసారిగా గింజలు బాగా మెక్కితే కడుపు పులిసి రాత్రికి రాత్రే చచ్చిపోవచ్చట. ఆపైన ఒక్కొక్క మేక ఎడమ డొక్క మీద చెయ్యి నొక్కి, ఉబ్బలేదని చూసుకుంది. మావాణ్ని తిట్టలేదు. మర్నాడు అక్క వాళ్లాయనతో కలిసి కంచె బిగించే పని వాడికే అప్పజెప్పారు, రెండు గంటలు చేశాడు, కిక్కురుమనకుండా.

సౌకర్యాల మాటకొస్తే గది చిన్నది, దోమతెర ఉంది, వేడినీళ్లు పొద్దున ఒక గంటే, ఫోన్ సిగ్నల్ మేడ మెట్ల మీద మాత్రమే. రెండు పుంజులున్నాయి, మూడున్నరకే మొదలుపెడతాయి. చీకట్లోనే ఎలా తెలుస్తుందో అనుకున్నాను, వాటికి లోపలే ఒక గడియారం ఉంటుందని జపాన్ శాస్త్రవేత్తలు 2013లో చూపించారు, వెలుతురు మారకుండా ఉంచినా టైంకి కూస్తాయట. రెండేళ్ల తర్వాత వాళ్లే తేల్చింది ఇంకా బాగుంది, గుంపులో పెత్తనం చేసే పుంజు ముందు కూయాలి, మిగతావి తర్వాత. నిద్ర పలచనైనవాళ్లు చెవుల్లో పెట్టుకునే దూది తీసుకెళ్లండి, నేను దిండు కింద తల దూర్చి గడిపాను.

మూడోచోట తోట చాలా బాగుంది, నిజానికి రెండోదాని కంటే బాగుంది. మట్టి మీద ఎక్కడా ఎండ పడకుండా ఎండుగడ్డి కప్పారు, వేలు పెడితే లోపల తడి. బాతులు మడుల మధ్య తిరుగుతూ నత్తల్ని ఏరుకు తింటున్నాయి. ఎరువు కుప్ప మధ్యలో ఇనుప కడ్డీ గుచ్చి, కాసేపాగి తీసి పట్టుకోమన్నాడు ఆ ఇంటాయన, చెయ్యి పెట్టలేకపోయాను. లోపల 55 డిగ్రీలు దాటితే కలుపు విత్తనాలు చాలావరకు చచ్చిపోతాయని, ఆ వేడి కుప్ప అంతా తగలడానికే తిప్పుతూ ఉంటానని ఓపిగ్గా చెప్పాడు. మరి ఇంత తెలిసిన మనిషి పక్కనున్న ఆకుకూర మడిలో పచ్చి కోళ్ల పెంట ఎందుకు చల్లాడో నాకిప్పటికీ అర్థం కాలేదు. పచ్చిగా తినే ఆకుల మీద అది పడితే కడుపు జబ్బులు రావచ్చు, పచ్చి పెంట చల్లాక ఆకు కోయడానికి కనీసం నాలుగు నెలలు ఆగాలి. మా ఆవిడ ఆ ఆకుకూర ముట్టలేదు. బాతుల దగ్గర చేతులు కడుక్కోవడానికి పంపు కూడా లేదు, చిన్నపిల్లలున్న చోట ఇది చిన్న లోపం కాదు. రాత్రి బాత్రూం దారిలో దీపం లేదు. అడిగితే నవ్వి టార్చి ఇచ్చారు, దాంట్లో బ్యాటరీలు లేవు.

డబ్బుల పరంగా మొదటిదానికి అయినదాంట్లో సగం కూడా రెండోదానికి కాలేదు. బుక్ చేసే ముందు ఫోన్ చేసి, పొద్దున ఎన్నింటికి పాలు పితుకుతారు, మేం చూడొచ్చా అని అడగండి. వెంటనే టైం చెప్పారంటే వెళ్లండి. కనుక్కుని చెప్తామన్నారంటే అక్కడ పితికేవాళ్లు వేరే ఎవరో.

వచ్చేసే రోజు అక్క ఒక మాటంది. ఆయనా తనూ కలిసి ఒక్క రాత్రి ఊరు దాటి ఆరేళ్లయిందట, ఎవరో ఒకరు పశువుల దగ్గర ఉండాల్సిందే. "ఈసారొస్తే రెండు రోజులు మీరే చూసుకోండి, మేం అలా తిరిగొస్తాం" అని నవ్వింది. మేమూ నవ్వాం. కార్లో కొంత దూరం వచ్చాక మా అమ్మాయి, పితకడం నాకొచ్చు కదా నాన్నా, నువ్వు దాణా పెడితే చాలు అంది.