ఎడిసన్ చరిత్ర కావాలంటే మెటచెన్ లైబ్రరీకి వెళ్ళండి

న్యూజెర్సీలో పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలకి ఒకటే మాట. ఇక్కడి ఎడిసన్ ఊరి చరిత్ర చూపిస్తామని ఎవరైనా వాట్సాప్‌లో టూర్ వివరాలు పంపితే డబ్బు కట్టకండి. మా దగ్గర మనిషికి 45 డాలర్ల చొప్పున ముగ్గురికి 135 వసూలు చేశారు. వ్యాన్‌లో తిప్పి, క్రిస్టీ స్ట్రీట్‌లో థామస్ ఎడిసన్ జ్ఞాపకార్థం కట్టిన ఎడిసన్ టవర్ దగ్గర పది నిమిషాలు దింపి ఫొటోలు దిగమన్నారు. పక్కనే ఉన్న చిన్న మ్యూజియం లోపలికి కూడా తీసుకెళ్ళలేదు. పైగా ఆ గైడు దాన్ని చూపించి "బల్బు కనిపెట్టిన ల్యాబ్ ఇదే" అన్నాడు. ఆ ల్యాబ్ ఇప్పుడు అక్కడ లేనే లేదు. మిగిలిన చెక్కా ఇటుకా ఏరించి హెన్రీ ఫోర్డ్ మిషిగన్ పట్టుకెళ్ళి, 1929లో డియర్‌బోర్న్‌లో మళ్ళీ కట్టించాడు. టవర్ అయితే 1938 నాటిది. ఆ తర్వాత ఓక్ ట్రీ రోడ్డులో నగల షాపు ముందు గంటన్నర ఆపారు. అసలే మోకాళ్ళ నొప్పులేమో, మా ఆవిడ ఆ పూటంతా మాట్లాడలేదు. అల్లుడు "పోనీలెండి మామయ్యా" అన్నాడు గానీ, డబ్బు తీసుకుని మరీ అబద్ధం చెప్పడం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

ఆ కసితోనే పక్క ఊరు మెటచెన్ వెళ్ళాం. మెటచెన్-ఎడిసన్ హిస్టారికల్ సొసైటీ వాళ్ళ పాత కాగితాలు, ఫొటోలు అక్కడి పబ్లిక్ లైబ్రరీలో ఉంటాయి. మెయిల్ పెడితే టైమ్ ఇచ్చారు. ఊబర్‌కి 14 డాలర్లయింది, లోపల పైసా అడగలేదు. పెన్ను పక్కన పెట్టించి పెన్సిల్ ఇచ్చారు. వాలంటీరు పెద్దావిడకి డెబ్బై దాటి ఉంటాయి. నేను అడిగిన ఒక్క ప్రశ్నకి మూడు ఫోల్డర్లు తెచ్చి, ఒక్కో కాగితాన్నీ రెండు చేతులతో పట్టుకుని నా ముందు పరిచింది. పాత మ్యాపులో ఎడిసన్ అన్న పేరే లేదు, రారిటన్ టౌన్‌షిప్ అని ఉంది. 1954లో ఓట్లు వేసి పేరు మార్చుకున్నారట. మెటచెన్ 1900లోనే అందులోంచి విడిపోయింది. అందుకే ఇప్పటికీ దాని చుట్టూ ఎడిసనే.

ఆవిడ మ్యాపులో ఓక్ ట్రీ అన్న చోట వేలు పెట్టి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1777 జూన్ 26న బ్రిటిష్ సేనకీ వాషింగ్టన్ సేనకీ ఇక్కడ పోరు జరిగిందని చెప్పింది. మనవాళ్ళు గోంగూరా, ఇడ్లీ రవ్వా కొనుక్కునే చోటు! అప్పటిదాకా కుర్చీలో కూలబడి టైమ్ చూసుకుంటున్న మా ఆవిడ లేచి వచ్చి మ్యాపు మీదికి వంగింది. ఇక ఇద్దరూ కదిలితే ఒట్టు. ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ సంగతీ అక్కడే తెలిసింది. రూట్ 1 పక్కన 1948 నుంచి 2004 దాకా నడిచింది, మస్టాంగ్ కార్లు కూడా చేశారు. ఇప్పుడది షాపింగ్ సెంటర్. మా అల్లుడు వారం వారం వెళ్ళేది అక్కడికే, పాపం అతనికీ తెలీదు.

వచ్చేటప్పుడు 20 డాలర్లు విరాళం ఇచ్చాం. వెళ్ళేవాళ్ళు మీ పిల్లలు ఉండే వీధి పేరు మెయిల్‌లో ముందే రాయండి. స్వెట్టర్ మాత్రం మర్చిపోకండి, ఏసీ చలి ఎక్కువ.