పిల్లాడి గురకకు స్ప్రే, నమిలే మాత్ర: చాలాకాలం వాడాక

నిద్రలో ఊపిరి ఆగే జబ్బు స్వల్పంగా ఉంటే ముక్కు స్ప్రే పనికొస్తుంది. మాత్ర విషయంలో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

మాది ఒడిశాలోని రాయగడ. మావాడికి ఆరేళ్లు. మెడ వెనక్కి విరిచి, నోరు తెరుచుకుని పడుకునేవాడు. గురక ఉన్నట్టుండి ఆగిపోయేది, ఛాతీ ఎగసిపడేది, తర్వాత ఒక్కసారిగా ఊపిరి లాగేవాడు. ఆడి ఆడి అలిసిపోయాడులే అనేవారు అత్తగారు. స్లీప్ స్టడీ కోసం విశాఖ రైలెక్కితే పార్వతీపురం దాటకముందే గురక అందుకున్నాడు. ఎదుటి సీటావిడ "ఇంత చిన్న పిల్లాడా!" అని ముక్కున వేలేసుకుంది.

నిద్రలో గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో ఆ పరీక్షలో లెక్కేస్తారు. పిల్లల్లో ఒకటి దాటితేనే తేడా ఉన్నట్టు, ఐదు లోపు స్వల్పం. మావాడిది స్వల్పమే, ముక్కు వెనకాల ఉండే కండ (అడినాయిడ్స్) పెరిగింది. మామూలుగా ఆపరేషనే మొదటి వైద్యమని, స్వల్పం కాబట్టి ముందు మందులు వాడి చూద్దామని డాక్టరు చెప్పారు.

మొమెటసోన్ అనే స్టెరాయిడ్ స్ప్రేలో కిటుకంతా చేతిలోనే ఉంది. ముక్కు మధ్య గోడకు తగిలేలా కొడితే రక్తం వస్తుంది, మాకొచ్చింది. తల కాస్త ముందుకు వంచి, స్ప్రే మూతి చెవి వైపు తిప్పి కొట్టాలి. గట్టిగా ఎగపీల్చకూడదు. కొత్త సీసా అయితే సన్నటి తుంపర వచ్చేదాకా ముందు గాల్లోకి నొక్కాలి. ఫలితం వారాల మీద గానీ కనపడదు. అన్నట్టు, గురక పెట్టే పిల్లల మీద ఆస్ట్రేలియాలో చేసిన అధ్యయనం ఒకటి 2023లో వచ్చింది. అందులో ఆరు వారాలు వాడితే ఉత్త ఉప్పునీటి స్ప్రే కూడా స్టెరాయిడ్ స్ప్రేకు దాదాపు సమానంగా పనిచేసింది. ముందే తెలిస్తే దాంతోనే మొదలుపెట్టమని అడిగేదాన్ని.

ఇక ఆస్తమాకు, అలర్జీకి వాడే మాంటెలుకాస్ట్. రాత్రిపూట నమిలే మాత్ర, తియ్యగా ఉంటుంది కాబట్టి పేచీ లేదు. కానీ పీడకలలతో లేచి ఏడ్చేవాడు, పగలంతా కస్సుబుస్సులు. మనసు మీద, ప్రవర్తన మీద దీని ప్రభావం గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 మార్చిలోనే గట్టి హెచ్చరిక ఇచ్చింది. మా ఊళ్లో ఒక మందుల షాపులో మాత్రం ఖాళీ అట్ట చూపిస్తే చాలు, మారు మాట్లాడకుండా ఇంకోటి ఇచ్చేస్తారు. డాక్టరుకు ఫోన్ చేస్తే వెంటనే ఆపమన్నారు. ఆపాక పిల్లాడు కుదుటపడ్డాడు.

ఇప్పుడు నోరు మూసుకునే పడుకుంటున్నాడు. వానాకాలం జలుబు చేస్తే గురక మళ్లీ తగులుకుంటోంది, అప్పుడు డాక్టరును అడిగి స్ప్రే కొడుతున్నాం. ఈసారి పరీక్షలో ఆ సంఖ్య పెరిగితే ఆపరేషన్‌కే వెళ్తాం.