కింద బజారు, నడుమ ఆఫీసు, పైన కాపురం

హోటల్ బుక్ చేసుకునేటప్పుడు ఈ మధ్య నాకో పిచ్చి పట్టుకుంది. గది ఫొటోల కన్నా ముందు మ్యాపు చూస్తాను. అది ఒంటరిగా నిలబడ్డ హోటలా, లేక ఆఫీసులు, ఫ్లాట్లు, దుకాణాలు, సినిమా హాళ్లు అన్నీ కలిపి కట్టిన ప్రాంగణంలో ఒక ముక్కా అని. రెండోదైతే అక్కడే దిగుతాను. రియల్ ఎస్టేట్ వాళ్లు బ్రోషర్ల నిండా ఊదరగొట్టే ఈ మిక్స్‌డ్ యూజ్ కట్టడాలు నిజంగా మనుషులు మసలడానికి పనికొస్తాయా, లేక మాల్‌కే పెట్టిన కొత్త పేరా అని తేల్చుకోవాలంటే అక్కడ ఒక రాత్రి పడుకోవాలి. పగలు చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి.

అలా దిగినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది జర్మనీలో హాంబుర్గ్‌లోని ఎల్బ్‌ఫిల్హార్మొనీ. రేవు ఒడ్డున ఉన్న పాత గిడ్డంగి ఇటుక గోడల్ని అలాగే ఉంచి, వాటి మీద గాజు భవనాన్ని లేపి 2017 జనవరిలో తెరిచారు. ఒకప్పుడు కోకో, టీ, పొగాకు దాచిన చోట ఇప్పుడు కార్లు పెడుతున్నారు. పైన కచేరీ హాలు, దాన్ని ఆనుకుని ఒకపక్క 244 గదుల హోటలు, మరోపక్క 45 ఫ్లాట్లు. రెండు వేల మంది పట్టే హాల్లో ఆర్కెస్ట్రా మోగుతుంటే అదే కప్పు కింద నిద్ర పడుతుందా అన్నది నా అనుమానం. పిల్లి నడిచినంత చప్పుడు కూడా రాలేదు. ఎందుకు రాలేదో తర్వాత తెలిసింది. దాదాపు 12,500 టన్నుల ఆ హాలు మిగతా భవనానికి అంటుకోకుండా 362 స్ప్రింగు దిమ్మెల మీద విడిగా నిలబడి ఉంది. ఓడల కూతలు హాల్లోకి రాకూడదు, హాల్లో సంగీతం పడకగదుల్లోకి పోకూడదు. అన్నీ ఒకచోట కట్టడం పెద్ద విషయం కాదు. ఏది దేనికి తగలకూడదో ముందుగా ఆలోచించడంలోనే ఉంది అసలు పనితనం.

ఆ భవనంలో ఇంకో మంచి పని చేశారు. గిడ్డంగి పైకప్పు దగ్గర, అంటే 37 మీటర్ల ఎత్తున, అందరూ తిరగడానికి ఒక ప్లాజా వదిలారు. కచేరీకి వచ్చినవాళ్లు, హోటల్లో దిగినవాళ్లు, ఊరికే రేవు చూసి పోదామని వచ్చినవాళ్లు అంతా అక్కడ ఎదురవుతారు. 82 మీటర్ల ఎస్కలేటర్ ఒకటి మిమ్మల్ని పైకి తీసుకెళ్తుంది. ఎక్కినంతసేపూ ఎక్కడికి చేరతామో కనపడదు, ఎందుకంటే దాన్ని కొంచెం వంపు తిప్పి కట్టారు. గాలి మాత్రం తోసేస్తుంది, కోటు గుండీలు పెట్టుకుని వెళ్లండి.

దీనికి పూర్తి వ్యతిరేకమైన రాత్రి ఇంకో ఊళ్లో గడిపాను. ఆ హోటల్ పేరు ఎందుకులెండి. కింద మూడంతస్తుల మాల్, మధ్యలో ఆఫీసులు, పైన మేము. కిటికీ తెరిస్తే సుందరమైన నగర దృశ్యమన్నారు. కిందికి చూస్తే సరిగ్గా లోడింగ్ బే. తెల్లవారుజామున ఇంకా చీకటి ఉండగానే ట్రక్కులు వెనక్కి వస్తూ పీకు పీకుమనడం మొదలు, తర్వాత ఇనప రేకు షట్టరు లేచిన చప్పుడు, ఆ తర్వాత చక్రాల బోనుల్లో సరుకు దొర్లించే గోల. రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే, "అది మాల్ వాళ్లదండీ, మా చేతుల్లో లేదు" అన్నారు. ఆ మాట నిజమే కావచ్చు. ఇలాంటి చోట్ల ఒకే కప్పు కింద ముగ్గురు యజమానులు, నలుగురు మేనేజర్లు ఉంటారు; ఫిర్యాదు మాత్రం ఎవరిదీ కాదు. వెబ్‌సైట్ ఫొటోలో నీలంగా మెరిసిన ఈతకొలను దగ్గరికి వెళ్తే ఫ్లాట్లలో ఉండేవాళ్లకు మాత్రమే అని బోర్డు. అప్పటినుంచి బుక్ చేసేముందు రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. నా కిటికీ ఏ వైపు? ఫొటోల్లో ఉన్నవాటిలో హోటల్ అతిథికి ఏవి? ఈ రెండోదానికి సూటిగా జవాబు చెప్పేవాళ్లు తక్కువ.

ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో లె కార్బూజియే అనే ఆర్కిటెక్ట్ కట్టిన యునితే దాబితాసియోఁ ఈ ఆలోచనకు పాత తరం పెద్దమనిషి. 1952లో పూర్తయింది, 2016లో యునెస్కో జాబితాలో చేరింది. 337 ఫ్లాట్లు, భవనం మధ్య ఎత్తులో ఒక దుకాణాల వీధి, అదే వరుసలో చిన్న హోటలు, డాబా మీద పిల్లల బడి. మూడేసి అంతస్తులకు ఒక నడవా చొప్పున ఉంటుంది. దాన్ని నడవా అనరు, వీధి అంటారు. మసక వెలుతురులో రంగురంగుల తలుపులు వరుసగా కనిపిస్తాయి. నాకొచ్చిన గది ఇరుకే, కానీ గోడలో ఇమిడిపోయిన అల్మారా దగ్గర్నుంచి ప్రతిదీ కొలత చూసి పెట్టినట్టుంది. విలాసం కోరేవాళ్లు వెళ్లొద్దు, కట్టడాల మీద ఇష్టం ఉన్నవాళ్లు తప్పక దిగాలి. నడిమి దుకాణాల వీధి మాత్రం అనుకున్నంత పుంజుకోలేదు, అందులో ఇప్పుడు ఆఫీసులు కూడా నడుస్తున్నాయి. పాపం, ఎలా పుంజుకుంటుంది? నేల మీద నడిచిపోయే మనిషికి గాలిలో వేలాడే కొట్టు కనిపించదు. లోపల కాపురం ఉండేవాళ్ల కొనుగోలు ఒక్కటే కొట్టుని నిలబెట్టలేదు.

లండన్‌లో కింగ్స్ క్రాస్‌కి వెళ్లాక ఇది ఇంకా బాగా అర్థమైంది. రైల్వే యార్డులు, బొగ్గు గోదాములు ఉన్న 67 ఎకరాల్ని తిరగతోడి, కొత్త వీధులు, చౌకులు వేసి, ఇళ్లు, ఆఫీసులు, కొట్లు కలిపి కట్టారు. సెంట్రల్ సెయింట్ మార్టిన్స్ ఆర్ట్ కాలేజీ 2011లో పాత ధాన్యపు గోదాములోకి వచ్చేసింది. ఈ ప్రాంగణానికి ప్రాణం పోసింది ఆ కాలేజీయేనని నా అభిప్రాయం. ఆఫీసులు వదిలాక కూడా ఆ గోదాము ముందున్న గ్రానరీ స్క్వేర్‌లో విద్యార్థులు ఏదో కుడుతూనో, గీస్తూనో కూర్చునే ఉంటారు. నేల నుంచి పైకి చిమ్మే వెయ్యికి పైగా నీటిధారల్లో పిల్లలు తడిసి ముద్దవుతుంటారు. కాలువ గట్టు మెట్ల మీద కూర్చోవడానికి ఏమీ కొనక్కర్లేదు. ఇక్కడ ఒక మెలిక కూడా ఉంది. వీధుల్లా కనిపించినా ఈ స్థలం ప్రైవేటు యాజమాన్యానిది. ఇక్కడి కెమెరాల్లో ముఖాలు గుర్తుపట్టే సాంకేతికత వాడారని 2019లో బయటపడి పెద్ద రభస అయింది. హాయిగా కూర్చోండి, కాకపోతే మీరు కూర్చున్నది ఊరి చౌకులో కాదని గుర్తుంచుకోండి.

అదే ఊళ్లో బార్బికన్ మరో రకం. రెండు వేల దాకా ఫ్లాట్లు, కళాకేంద్రం, బళ్లు, చెరువు అన్నీ ఉన్నాయి. లోపలికి వెళ్లాక అద్భుతం. లోపలికి వెళ్లడమే కష్టం. నడకదారులన్నీ నేల మీద కాకుండా పైన మేడల మీదుగా వేశారు. దారి తప్పకుండా ఉండటానికి నేల మీద పసుపుపచ్చ గీత గీయాల్సి వచ్చిందంటే చూడండి.

కట్టేవాళ్లకు వీటి మీద ఎందుకింత మోజో తెలియాలంటే పార్కింగ్ చూస్తే చాలు. పగలు ఆఫీసు కార్లు నిలిచిన చోటే రాత్రి సినిమాకొచ్చినవి నిలుస్తాయి. చల్లగాలి ప్లాంటు కూడా అంతే: మధ్యాహ్నం ఆఫీసులకు, రాత్రి ఇళ్లకు. ఫ్లాట్ల అమ్మకంతో డబ్బు ముందే చేతికొస్తుంది, ఆఫీసుల అద్దె నెలనెలా వస్తుంది, ఒకటి పడుకున్నా ఇంకొకటి నిలబెడుతుందన్న ధీమా. కాకపోతే అన్నీ ఒకేసారి పడుకునే రోజులూ వస్తాయి. న్యూయార్క్‌లో నడుస్తున్న రైల్వే యార్డు మీద పలక పరిచి కట్టిన హడ్సన్ యార్డ్స్ 2019 మార్చిలో తెరుచుకుంది. మాల్‌కి ఆకర్షణగా పెట్టిన పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోరు కోవిడ్ దెబ్బకి మరుసటి ఏడాదే మూతపడింది. అక్కడ నేను దిగలేదు, తిరిగి చూశాను. అద్దాల మెరుపు తప్ప కాళ్లు ఆగే చోటు తక్కువనిపించింది.

టోక్యోలో రొప్పోంగి హిల్స్‌లో దిగితే సౌకర్యానికి లోటు ఉండదు. 54 అంతస్తుల మోరి టవర్, 53వ అంతస్తులో ఆర్ట్ మ్యూజియం, టీవీ స్టేషను, హోటలు, ఇళ్లు, తోట. ఒక భవనం డాబా మీద వరిమడి కూడా ఉంది. దాదాపు 400 మంది స్థల యజమానుల్ని ఒప్పించి, పదిహేడేళ్లు పట్టుబట్టి 2003లో తెరిచారు. సొంత గ్యాస్ విద్యుత్ కేంద్రం ఉండబట్టి 2011 భూకంపం తర్వాత మిగులు కరెంటు ఊరి అవసరాలకు కూడా ఇవ్వగలిగింది. గది నిశ్శబ్దంగా ఉంది, సిబ్బంది మర్యాదకి వంక పెట్టలేను. దారులు మాత్రం చిక్కుముడి. ఏ ఎస్కలేటర్ ఏ అంతస్తులో వదులుతుందో తెలియక, ఎదురుగా కనిపిస్తున్న హోటల్ తలుపు చేరడానికి మొత్తం ప్రాంగణం చుట్టి వచ్చాను. పెట్టెలతో వచ్చేవాళ్లు మెట్రో నుంచి నడవాలని పంతం పట్టొద్దు, నేరుగా టాక్సీలో దిగండి.

ఇన్నిటిలోనూ నాకు మళ్లీ చూడాలనిపించినదానికి హోటలే లేదు. సింగపూర్‌లోని కంపుంగ్ అడ్మిరాల్టీ ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టించినది, వోహా అనే ఆర్కిటెక్ట్ సంస్థ రూపకల్పన, 2018లో వరల్డ్ బిల్డింగ్ ఆఫ్ ది ఇయర్‌గా ఎంపికైంది. మెట్రో స్టేషన్ పక్కనే ఉంది. కింద నాలుగువైపులా తెరిచి, పైన కప్పు ఉన్న మైదానం, నడుమ వైద్య కేంద్రం, పైన తోట, పక్కన పెద్దవాళ్ల కోసమే 104 ఫ్లాట్లు. వైద్య కేంద్రం కిటికీల్లోంచి కింది మైదానం కనపడుతుంది. వంతు కోసం కూర్చున్నవాళ్లు గోడకేసి చూస్తూ గడపక్కర్లేదు. పసిపిల్లల కేంద్రాన్నీ వృద్ధుల కేంద్రాన్నీ పక్కపక్కనే పెట్టారు, ఏదో చోటు మిగిలి కాదు, రెండు వయసులూ కలవాలనే. ఇక్కడ అద్దాల మెరుపు లేదు, పేరున్న బ్రాండు లేదు. మోకాలి నొప్పికి మందు తెచ్చుకుని, కూరలు కొనుక్కుని, లిఫ్టెక్కి ఇంటికి పోవచ్చు. మధ్యలో రోడ్డు దాటే పని లేదు.

వెళ్తే సాయంత్రం పూట వెళ్లండి. ముందు లిఫ్టులో తోట దాకా ఎక్కి, మెట్ల తోటల మీదుగా నడుస్తూ దిగండి. వాన పట్టుకున్నా ఫరవాలేదు, కింద మైదానంలో తడవరు. మీ బస మాత్రం ఊళ్లో వేరేచోట చూసుకోవాలి.