విశాఖలో ఆక్సిజన్ సిలిండర్ అద్దెకు తీసుకునేవారికి హెచ్చరిక: మరలకు నూనె రాయనివ్వకండి

మా మామగారికి ఊపిరితిత్తుల జబ్బు ముదిరి, ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టాలని వైద్యులు చెప్పడంతో, మహారాణిపేటలోని ఒక సర్జికల్ దుకాణంలో డిపాజిట్ కట్టి సిలిండర్ అద్దెకు తీసుకున్నాము. దానిని తెచ్చిన వ్యక్తి రెగ్యులేటర్ మర బిగుసుకుపోయిందంటూ జేబులోంచి కుట్టుమిషను నూనె సీసా తీశాడు. నేను వద్దని వారిస్తే, "ఎప్పుడూ ఇలాగే బిగిస్తామండీ, ఏమీ అవదు" అన్నాడు. ఫోన్ చేస్తే యజమానిదీ అదే మాట. రెగ్యులేటర్ మార్చమంటే రవాణా ఖర్చు మళ్ళీ ఇవ్వాలన్నారు; సిలిండరే వద్దు, తీసుకుపొమ్మంటే డిపాజిట్‌లో కోత తప్పదన్నారు.

ఇది డబ్బు గొడవ మాత్రమే అయితే ఇంత రాసేవాడిని కాను. నిండు సిలిండర్‌లో ఆక్సిజన్ సుమారు 150 బార్ల పీడనంతో, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి దాదాపు 150 రెట్లతో, ఉంటుంది. ఆ ఒత్తిడితో ఒక్కసారిగా వెలువడే ఆక్సిజన్ తగిలితే నూనె, గ్రీజు వంటివి అగ్గిపుల్ల అవసరం లేకుండానే భగ్గుమనగలవు. అదీ వాల్వు తిప్పుతున్న మనిషి ముఖం ఎదుటే. మర పట్టకపోతే రెగ్యులేటర్ మార్చాలి తప్ప వేరే ఉపాయం లేదు. తలకు కొబ్బరినూనె రాసిన చేతులతోనైనా, చేతులు కడుక్కోకుండా వాల్వును ముట్టుకోకూడదు.

ఆ సిలిండర్ మెడ మీద రంగు ఎంత మందంగా పూశారంటే, పరీక్ష తేదీ అంకెలు చదవడానికే వీలు లేకపోయింది. ఈ సిలిండర్లను 5 ఏళ్ళకొకసారి పీడన పరీక్షకు పంపాలన్నది నిబంధన. ఉప్పుగాలికి కిటికీ ఊచలే తుప్పుపట్టే మన ఊరిలో ఆ తేదీ చూడకుండా సిలిండర్ దించుకోవడం మంచిది కాదు. వైద్య ఆక్సిజన్ సిలిండర్‌కు ఒళ్ళు నలుపు, భుజం తెలుపు ఉంటాయి. మొత్తం నలుపే అయితే అది పరిశ్రమలకు వాడేది, తిప్పి పంపండి.

నిప్పు గురించి దుకాణంలో ఒక్క మాటా చెప్పలేదు. ఆక్సిజన్ తాను మండదు, మండేదానిని రెచ్చగొడుతుంది. గాలిలో అది 21 శాతమే ఉంటుంది. ముక్కు గొట్టాన్ని ఆపకుండా మంచం మీద పడేస్తే దుప్పటి, తలగడ, బట్టలు దానిని పీల్చుకుని, చిన్న నిప్పురవ్వకే అంటుకునే స్థితికి వస్తాయి. అందుచేత దేవుడి దీపం, అగరుబత్తి, దోమల చక్రం, గ్యాస్ పొయ్యి కనీసం 3 మీటర్ల దూరంలో ఉండాలి. ముక్కు ఒరుసుకుపోతే వ్యాజలీన్ కాకుండా, నీటి ఆధారిత లేపనమేదో వైద్యుణ్ణి అడిగి వాడాలి. చుట్ట, బీడీ ఆ ఇంట్లోకే రాకూడదు; అడ్డపొగ (చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటున్న మన ఉత్తరాంధ్ర పెద్దమ్మలకు ఈ మాట చెప్పి ఒప్పించడం ఎంత కష్టమో తెలిసే రాస్తున్నాను. ఆక్సిజన్ ఆపిన తరువాత కూడా బట్టలలో అది కొంతసేపు నిలిచి ఉంటుంది.

సిలిండర్‌కు బదులు కాన్సన్‌ట్రేటర్ (గాలి నుంచే ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే కరెంటు యంత్రం) తీసుకున్నా నిప్పు విషయంలో జాగ్రత్తలు ఇవే. దాని ప్లగ్గును ఎక్స్‌టెన్షన్ బాక్సుకు కాకుండా నేరుగా గోడ సాకెట్‌కు పెట్టాలి.

మా డిపాజిట్ ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. సిలిండర్ నంబరు, పరీక్ష తేదీ, రెగ్యులేటర్ పనిచేయకపోతే ఉచితంగా మారుస్తామన్న మాట, ఈ మూడూ రసీదు మీద రాయించుకున్న తరువాతే డబ్బు కట్టండి.