అర్ధరాత్రి ఒంగోలులో ఎక్కేవాళ్ళకి సైడ్ అప్పర్ ఎలా ఉంటుందంటే

ఒంగోలులో రాత్రి పన్నెండు దాటాక స్లీపర్ ఎక్కి వైజాగ్ వైపు వెళ్ళేవాళ్ళు ఏ బెర్త్ పెట్టుకోమంటావని అడిగితే, కొన్నేళ్ళుగా నాది ఒకటే మాట. సైడ్ అప్పర్ పెట్టుకోండి, అంటే నడిచే దారి పక్కన గోడ వెంట ఉండే రెండు బెర్త్‌లలో పైది. ఉద్యోగం వైజాగ్‌లో, ఇల్లు సింగరాయకొండ పక్కన. నాన్న బండి మీద ఒంగోలు దాకా దింపుతారు. పండగలకీ పెళ్ళిళ్ళకీ వచ్చి వెళ్ళేటప్పుడల్లా నాది ఈ రాత్రి ప్రయాణమే కాబట్టి అన్ని బెర్త్‌లూ చూసే ఈ మాట చెబుతున్నాను.

లోయర్ వచ్చిందంటే అందరూ సంబరపడతారు. సాయంత్రం ఎక్కేవాళ్ళకి అది నిజంగా మంచి బెర్తే. అర్ధరాత్రి ఎక్కేవాళ్ళకి మాత్రం అదో తలనొప్పి. మనం వెళ్ళేసరికి గూడూరులోనో నెల్లూరులోనో ఎక్కిన పెద్దావిడ, ఖాళీగా ఉంది గదా అని దాని మీద పడుకుని గాఢనిద్రలో ఉంటుంది. ఆవిడ అసలు బెర్త్ ఎక్కడో పైన. లేపాలంటే మనసొప్పదు. లేపకపోతే ఆ పైబెర్త్ మనకి. ఇక మిడిల్ సంగతి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా వేసుకునే హక్కు మనకి ఉంది, ఎవరూ కాదనలేరు. కానీ అంతవరకు వేయకుండా ఉంచితే, కింద ముడుచుకుని పడుకున్న మనిషి నెత్తి మీదుగా చీకట్లో దాన్ని ఎత్తి, రెండు గొలుసులూ కొక్కేలకి తగిలించేసరికి ఆ వరసలో అందరికీ మెలకువ వచ్చేస్తుంది.

సైడ్ అప్పర్‌కి ఈ బాధలేమీ లేవు. దాని మీద ఎవరూ కూర్చోరు, ఎవరూ ఆశపడరు. ఎనిమిదో ఎక్కంలో వచ్చే నంబర్లన్నీ అవే: ఎనిమిది, పదహారు, ఇరవై నాలుగు, అలా. నీలం లైటు వెలుగులో నంబరు చూసుకుని, బ్యాగు పైకి పెట్టి, పక్కనున్న ఇనుప మెట్టు మీద కాలేసి ఎక్కేయడమే. లైటు వేసే పని లేదు, ఎవరినీ కదిలించే పని లేదు. చెప్పులు కింద వదిలితే తెల్లారేసరికి ఏ బేలో (ఎనిమిదేసి బెర్త్‌ల అరలో) తేలతాయో చెప్పలేం కాబట్టి ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి కాళ్ళ దగ్గర పెట్టుకుంటాను. దుప్పటి ఇంటినుంచే తెచ్చుకోవాలి, స్లీపర్‌లో మామూలుగా ఇవ్వరు. ఫోను కూడా ఇంట్లోనే నిండా చార్జ్ చేసుకోండి. రాత్రి పదకొండు దాటితే చార్జింగ్ పాయింట్లకి కరెంటు ఆపేసే బళ్ళు ఉన్నాయి.

బోగీ ఎక్కడ ఆగుతుందో ప్లాట్‌ఫాం బోర్డులో చూసుకుని అక్కడే నిలబడండి. బండి ఆగేది కాసేపే. లోపలివాళ్ళు దొంగల భయంతో తలుపు గడియ వేసుకుని ఉంటారు, గట్టిగా కొట్టాలి. తీయకపోతే అక్కడే నిలబడిపోకుండా పక్క తలుపుకి పరిగెత్తాలి. లోపలికి వెళ్ళాక బోగీల మధ్య నడుచుకుంటూ మన దగ్గరికి రావచ్చు.

అన్నీ సవ్యంగా ఉన్నా ఒక రాత్రి మాత్రం నా సైడ్ అప్పర్ దగ్గర పెద్ద గొడవే అయింది. శనివారం రాత్రి స్టేషనుకి వెళ్ళాను. బండి వచ్చేది పన్నెండు దాటాక గనక టికెట్ మీద ఆదివారం తేదీ ఉంటుంది. నా నంబరు ఇరవై నాలుగు. వెళ్ళేసరికి దాని మీద ఒక గుడ్డ సంచీ ఉంది. కింద పంచె కట్టుకున్న పెద్దాయన, అంత ఎత్తుకి ఎక్కడమెట్లా అన్నట్టు పైకి చూస్తూ నిలబడ్డారు. రెండో తలుపు నుంచి ఎక్కారట.

“ఇది నాది పెద్దాయనా, ఇరవై నాలుగు” అన్నాను.

“నాది గూడా ఇరవై నాలుగేనమ్మా. చూడు” అని నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి చేతికిచ్చారు.

ఫోన్ టార్చి వేసి చూశాను. అదే బండి, అదే బోగీ, అదే నంబరు. కన్ఫర్మ్ అని స్పష్టంగా ఉంది. తేదీ మాత్రం శనివారానిది. అంటే శుక్రవారం రాత్రి పడుకోకుండా వచ్చి ఎక్కాల్సిన బండి.

“శనివారం రాత్రికని చెప్పి తీయించా గదమ్మా” అన్నారాయన. నెట్ సెంటర్‌లో అబ్బాయి ఆయన చెప్పినట్టే శనివారం మీద నొక్కాడు. ఇద్దరిలో ఎవరికీ అనుమానం రాలేదు.

పది దాటితే నిద్రపోయేవాళ్ళని టికెట్లకోసం లేపకూడదని రైల్వే చెబుతుంది గానీ, పది తర్వాత ఎక్కినవాళ్ళని చూడాల్సిందే. అందుకే టీటీఈ గారు వెంటనే వచ్చారు. కాగితం చూసి మెల్లగానే అన్నారు: “పెద్దాయనా, మీ బండి నిన్న రాత్రే వెళ్ళిపోయింది.”

ఆ మాటకి ఆయన ముఖం చూసి నా కడుపు తరుక్కుపోయింది. అనకాపల్లిలో తెల్లారితే మనవరాలి బారసాల. డబ్బు కట్టి, నంబరు రాయించుకుని, గంట ముందే వచ్చి కూర్చున్న మనిషి రూల్ ప్రకారం టికెట్ లేనివాడయ్యాడు. పాత టికెట్‌కి పైసా వెనక్కి రాదు. కొత్తగా చార్జీ, దాని మీద కనీసం 250 రూపాయలు జరిమానా. లోపలి జేబులోంచి రబ్బరు బ్యాండు వేసిన నోట్లు తీసి, ఆ నీలం వెలుతురులో ఒక్కొక్కటీ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని లెక్కపెట్టారు. తక్కువైన కాస్తా నేను వేయబోతే ఒప్పుకోలేదు, ఫోన్‌పే నంబరు రాయించుకున్నాకే తీసుకున్నారు.

టీటీఈ గారి మీద నాకు కోపం లేదు, ఆయన చేయగలిగింది చేశారు. చీరాలలో ఎక్కాల్సినవాళ్ళు రాకపోతే చూస్తానని చేతిలో మిషన్ చూసుకుంటూ వెళ్ళారు. అంతవరకు సైడ్ లోయర్ కుర్రాడు మారుమాట లేకుండా కాళ్ళు ముడుచుకుని ఆయనకి చోటిచ్చాడు. చీరాల దాటాక నిజంగానే వచ్చి, రెండు బోగీల అవతల ఒక లోయర్ చూపించి తీసుకెళ్ళారు. ఆ పెద్దాయనకి అసలు రావాల్సింది లోయరే.

నా కోపమంతా ఆ టికెట్ మీద. అర్ధరాత్రి దాటి వచ్చే బండికి ‘ఇది శుక్రవారం రాత్రి ఎక్కాల్సిన బండి’ అని తెలుగులో ఒక్క ముక్క వేస్తే ఎంతమంది బతికిపోతారు! పన్నెండుకీ తెల్లవారుజాముకీ మధ్య ఎక్కేవాళ్ళు తేదీని, టైమునీ కలిపి చదవండి. టికెట్ మీద ఆదివారం 00 తోనో 01 తోనో మొదలయ్యే టైము ఉంటే, మీరు శనివారం రాత్రి అన్నం తినగానే బయల్దేరాలి. ఇంట్లో పెద్దవాళ్ళకి తీసేటప్పుడు ఆ కాగితం మీద ‘ఫలానా రాత్రి భోజనం తర్వాత’ అని పెన్నుతో రాసివ్వండి. మా నాన్నకి ఇప్పుడు అలాగే రాసిస్తున్నాను.

ఎవరినీ లేపే పని ఉండదని పైన అన్నాను. ఆ రాత్రి మాత్రం బే మొత్తం లేచింది. సైడ్ అప్పర్‌లో నాకు నచ్చని సంగతులు ఇంకా ఉన్నాయి. అటూ ఇటూ నడిచేవాళ్ళ తలలు మన మొహం పక్కగానే పోతాయి. కర్టెన్ ఉండదు. విజయవాడలో చీకటి ఉండగానే దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు, కాఫీ టీ కేకలు, ఆ సామాన్ల తాకిడికి నిద్ర సగం పోతుంది. ఫ్యాను గాలి సరిగా తగలదు కనక వేసవిలో ఉక్కపోత. కిటికీ కూడా లేదు. రాజమండ్రి దగ్గర గోదావరి దాటుతుంటే కింద అందరూ రూపాయి బిళ్ళలు వేస్తూ దండం పెట్టుకుంటారు, పైనున్న మనకి వంతెన చప్పుడే వినిపిస్తుంది. నేను దానికోసమే కిందికి దిగి తలుపు దగ్గరికి వస్తాను. మధ్య స్టేషన్లో దిగేవాళ్ళకి బోర్డులు కూడా కనబడవు, 139కి ఫోన్ చేసి వేకప్ అలారం పెట్టించుకుంటే నయం.

నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, ఒక్క బ్యాగుతో ఒంటరిగా వెళ్తాను, నిద్ర త్వరగా పడుతుంది. అందుకే నాకిది సరిపోయింది. ఆరడుగుల మా తమ్ముడు ఒక్కసారి పడుకుని మళ్ళీ దాని జోలికి పోలేదు. చంటిపిల్లలున్నవాళ్ళకీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకీ నేను చెప్పను. అమ్మ వెంట ఉంటే మాత్రం ఆవిడకి లోయర్, దానికి ఎదురుగా నాకు సైడ్ అప్పర్ పెడతాను. నలభై అయిదు దాటిన ఆడవాళ్ళకి లోయర్ ఇవ్వడానికి కోటా ఉంది గనక చాలాసార్లు దొరుకుతుంది. దొరకనప్పుడు ఆ రాత్రికి ప్రయాణం మానుకుని, పగటి బండికి వెళ్తాం.