డబ్బు పెట్టి కొన్న అదనపు వాయిద్యాలు: ఏవి పనికొచ్చాయి, ఏవి మూలపడ్డాయి

కంప్యూటర్ లేకుండా నడిచే పెట్టె (శబ్దాలు, రికార్డింగ్ అన్నీ తనలోనే ఉన్న సంగీత యంత్రం) మీద పాటలు కట్టుకునేవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం రాక తప్పదు. పెట్టెతో పాటు ఉచితంగా వచ్చిన సింథ్‌లు, అంటే ఎలక్ట్రానిక్‌గా శబ్దం పుట్టించే వాయిద్యాలు, కొన్ని ఉంటాయి. వాటి పక్కనే తాళం బొమ్మతో, కొనుక్కుంటేగానీ తెరుచుకోనివి ఇంకొన్ని ఉంటాయి. ట్రయల్ అని నొక్కగానే మొదటి ప్రీసెట్టే (ముందే సిద్ధం చేసి పెట్టిన శబ్దం) అదిరిపోతుంది. కొనాలా వద్దా?

నా దగ్గరున్నది వేలితో కొట్టే పదహారు ప్యాడ్లు, టచ్ స్క్రీన్ ఉన్న రకం. ఏ కంపెనీదో చెప్పను. ఆకాయ్ ఎంపీసీ అయినా, నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ మషీన్ ప్లస్ అయినా ఈ జాతి పెట్టెలన్నిటికీ నియమం ఒకటే: కంప్యూటర్‌లో మీకున్న ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్ వాయిద్యాలు) ఇందులోకి రావు. తయారీదారు ఈ పెట్టె కోసం సిద్ధం చేసి ఇచ్చినవే నడుస్తాయి. అంటే అంగడి ఒకటే, అమ్మేవాడూ ఒకడే. అందుకే ఆచితూచి కొనాలి. కొన్నేళ్ళలో నేను ఎలక్ట్రిక్ పియానో, ఆర్గన్, అనలాగ్ మోనో సింథ్, పాలీ సింథ్, ఎఫ్ఎం సింథ్, స్ట్రింగ్ మెషీన్, డ్రమ్ సింథ్, ఆర్కెస్ట్రా స్ట్రింగ్స్ కొన్నాను. కొన్ని విడిగా, కొన్ని కట్టగా.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. వేలి కింద మారే వాయిద్యానికి డబ్బు పెట్టండి. ఎప్పుడు నొక్కినా ఒకేలా పలికేదానికి పెట్టకండి, ఎందుకంటే అలాంటి శబ్దాన్ని పట్టుకోవడానికే పుట్టిన శాంప్లర్, అంటే శబ్దాన్ని రికార్డు చేసుకుని నొక్కినప్పుడు తిరిగి పలికించేది, ఇప్పటికే మీ బల్ల మీద ఉంది.

ఈ ముక్క చాలామంది మర్చిపోతారు. ఇలాంటి పెట్టెల్లో ఆటో శాంప్లర్ తరచుగా ఉంటుంది. బయటి సింథ్ ఒకదాన్ని కేబుళ్ళతో కలిపి, ఏ స్వరం నుంచి ఏ స్వరం దాకా, ఎన్ని మెట్లకొకటి, ఎన్ని రకాల ఒత్తిడిలో అని చెబితే చాలు, తనే ఒక్కో స్వరం మోగించుకుంటూ రికార్డు చేసుకుంటుంది. లెక్క వేసి చూడండి. ఐదు ఆక్టేవులు, 61 మెట్లు. మూడు మెట్లకొకటి చొప్పున 21 స్వరాలు, ఒక్కోటి మూడు ఒత్తిళ్ళలో, మొత్తం 63 శాంపిళ్ళు. ఒక్కొక్కటి 5 సెకన్లు, స్టీరియో, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్. అంతా కలిపినా 56 మెగాబైట్లు దాటదు. స్నేహితుడి దగ్గరున్న సింథ్ ఒక సాయంత్రం అడిగి తెచ్చుకుంటే మీకు నచ్చిన నాలుగు శబ్దాలు ఎప్పటికీ మీవే. గంటలు, ప్యాడ్‌లు (నిడివిగా పరుచుకునే శబ్దాలు), ప్లక్‌లు (మీటినట్టు వినిపించేవి), బ్రాస్ దెబ్బలు ఇలాంటివన్నీ ఈ దారిలో వచ్చేస్తాయి. ట్రయల్‌లో ఉన్న ప్లగిన్‌నే ఇలా దులిపేసుకోవచ్చు కదా అనకండి, లైసెన్స్ షరతులు ముందు చదవండి.

మరి శాంపిల్‌కి లొంగనివేవి? నేను కొన్నవాటిలో ఎక్కువ పాటల్లోకి ఎక్కింది ఎలక్ట్రిక్ పియానో. రోడ్స్ అనే ఎలక్ట్రిక్ పియానోలో సుత్తి వెళ్ళి సన్నని లోహపు పుల్లను కొడుతుంది. ఆ పుల్ల ఊగే తీరును పక్కనే ఉన్న పికప్ విద్యుత్తుగా మారుస్తుంది. మెల్లగా కొడితే గంటలా మెత్తగా వస్తుంది. గట్టిగా కొడితే పుల్ల పికప్ ముందు పెద్ద ఊపు ఊగి స్వరం చిట్లినట్టు మొరుగుతుంది. ఈ రెండింటి మధ్య మెట్లు లేవు, ఏటవాలు మాత్రమే. మూడు పొరల (మూడు ఒత్తిళ్ళలో రికార్డు చేసిన) శాంపిల్‌తో వాయిస్తే రెండో పొర నుంచి మూడో పొరకు దూకిన చోట చెవికి తెలిసిపోతుంది, ముఖ్యంగా పియానో ఒక్కటే నడిచే పల్లవి ముందు భాగంలో. మోడల్ చేసిన, అంటే రికార్డింగులతో కాక లెక్కలతో అప్పటికప్పుడు శబ్దం పుట్టించే వాయిద్యంలో ఆ దూకడం ఉండదు. ఉచితంగా వచ్చిన దాంట్లోనూ ఎలక్ట్రిక్ పియానో ఉందిగానీ, దానితో వాయించేటప్పుడు చెయ్యి తనంతట తానే ఒకే బలంతో కొట్టడం అలవాటు చేసుకుంటుంది. కొన్నదానితో వాయించే తీరే మారింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మోడల్ అనే మాట అంగట్లో ప్రతిదానికీ తగిలిస్తారు. కొనేముందు డౌన్‌లోడ్ పరిమాణం చూడండి. కొన్ని మెగాబైట్లే ఉంటే అక్కడికక్కడే శబ్దం పుట్టించే ఇంజిన్ అయివుంటుంది. గిగాబైట్లలో ఉంటే శాంపిళ్ళ మూట. మూటలన్నీ చెడ్డవని కాదు, కానీ అప్పుడు నేను పైన చెప్పిన కారణం దానికి వర్తించదు.

ఆర్గన్ కూడా ఇదే కోవ. తొమ్మిది డ్రాబార్లు, అంటే శబ్దం పాళ్ళు మార్చే లాగుడు కడ్డీలు. పాట నడుస్తుండగా వాటిని లాగుతూ, తోస్తూ ఉండటమే ఆ వాయిద్యాన్ని వాయించడం. తిరిగే లెస్లీ స్పీకర్ సంగతి మరీను. నెమ్మది నుంచి వేగానికి మార్చినప్పుడు పైనున్న కొమ్ము చప్పున అందుకుంటుంది, కిందున్న డ్రమ్ము బరువుగా తర్వాత అందుకుంటుంది. ఆ కాస్త తేడాలోనే అసలు మజా. శాంపిల్ చేస్తే ఏదో ఒక వేగం గడ్డకట్టి ఉంటుంది, పైగా పై స్వరానికి లాగితే ఆ తిరుగుడు కూడా వేగం పెరుగుతుంది. అయితే నేను ఆర్గన్ వాడే పాటలు తక్కువ. బాగుందా అంటే బ్రహ్మాండంగా ఉంది, నాకు దండగా కాదా అంటే సగం దండగే. భక్తి పాటలో, గాస్పెలో, పాత రాకో చేసేవాళ్ళకి మాత్రం నిస్సందేహంగా కొనమంటాను.

మోనో సింథ్ దగ్గర నా పక్షపాతం దాచుకోను. 1970లో వచ్చిన మినీమూగ్‌ను అనుకరించే వాయిద్యం లేని పెట్టె దాదాపు లేదు. మూడు ఆసిలేటర్లు (శబ్దం పుట్టించేవి), ఒక ఫిల్టర్ (దాన్ని చెక్కేది), ఒక్కసారికి ఒక్క స్వరం. ఇంతే కదా, ఉచిత సింథ్‌తో చేసుకోలేమా అంటే బేస్ వరకు చేసుకోవచ్చు. లీడ్ వాయించాలంటే మాత్రం తేడా తెలుస్తుంది. మన పాటల్లో స్వరం నిటారుగా నిలబడదు, ఊగుతుంది, జారుతుంది. పిచ్ బెండ్ (స్వరాన్ని వంచే చక్రం) పరిధిని రెండు మెట్ల నుంచి ఐదుకో ఏడుకో పెంచి, గ్లైడ్ (స్వరం నుంచి స్వరానికి జారడం) కొంచెం పెట్టి, ఒక మెట్టు వదలకుండానే ఇంకోటి నొక్కితే జారు గమకం దగ్గరగా వస్తుంది. శాంపిల్‌తో ఇదే చేస్తే, బెండ్ పెంచేకొద్దీ లోపల ఉన్న వైబ్రాటో కూడా వేగం మార్చేసుకుని నవ్వు తెప్పిస్తుంది. ఫిల్టర్‌ను ఒక నాబ్‌కు కట్టి ఎడమ చేత్తో తిప్పుతూ కుడి చేత్తో వాయించిన రోజు, ప్రీసెట్లు తిరగెయ్యడం మానేశాను.

పాలీ సింథ్ (ఒకేసారి చాలా స్వరాలు పలికేది) విషయం ఇంత తేలిగ్గా తేలదు. రోలాండ్ జూనో-106 (1984) తరహాది నాది. ఒక్కో స్వరానికి ఒక్క ఆసిలేటర్, దాని కింద సబ్ (దిగువ స్వరం), చివర రెండు బటన్ల కోరస్ (శబ్దాన్ని వెడల్పు చేసే ఎఫెక్ట్). కట్టుబడి చాలా సాదా. పెట్టెతో వచ్చిన సింథ్‌లో సా-టూత్ తరంగం పెట్టి మంచి కోరస్ వేస్తే, పక్కన డ్రమ్స్, గొంతు ఉన్నప్పుడు రెండింటికీ తేడా చెప్పడం కష్టం. నేను కళ్ళు మూసుకుని పోల్చాను, చెప్పలేకపోయాను. అయినా వాడుతూనే ఉన్నాను. స్లైడర్లు తక్కువ, దేన్ని కదిపినా చెడిపోదు, రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. అవసరమా అంటే కాదు. అదే డబ్బుతో ఇంకోటి కొనాలని ఉంటే అదే కొనండి.

ఎఫ్ఎం గురించి క్లుప్తంగా. ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని ఊపి శబ్దం పుట్టించే ఈ పద్ధతి స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టినది, 1983లో యమహా డీఎక్స్7తో ఇంటింటికీ చేరింది. ఆరు ఆపరేటర్లు (ఆ తరంగాలు), వాటిని కలిపే తీరులు 32 అల్గారిథమ్‌లు, వాటిని చిన్న స్క్రీన్ మీద సవరించడం అంటే అరచేతిలో రామాయణం రాయడమే. ప్రీసెట్ తీసుకుని వాయించి వదిలేసేవాళ్ళయితే శాంపిల్ చాలు. మాడ్యులేషన్ (ఆ ఊపే) పాళ్ళను వేలి ఒత్తిడికో నాబ్‌కో కట్టే ఓపిక ఉంటేనే కొనండి, అప్పుడు బేస్‌కి పళ్ళు మొలుస్తాయి.

స్ట్రింగ్ మెషీన్‌లో ఒక చిత్రమైన సంగతి తెలిసింది. వయొలిన్ల గుంపులా మోగే 1974 నాటి సోలినా లాంటి యంత్రాల్లో స్వరాలన్నీ కలిశాక చివర ఒకే ఒక ఎన్‌సెంబుల్ ఎఫెక్ట్ (శబ్దాన్ని ఊపి గుంపులా వినిపించేది) గుండా వెళ్తాయి. దాన్ని ఆ ఎఫెక్ట్‌తో సహా శాంపిల్ చేస్తే, ఒక్కో స్వరం తన సొంత ఊపును వెంట తెచ్చుకుంటుంది. నాలుగు స్వరాల కార్డ్ పట్టేసరికి నాలుగు ఊపులు ఒకదాన్నొకటి తోసుకుని శబ్దం బురదయిపోతుంది. మందు తేలికే: ఎఫెక్ట్ ఆపేసి పొడిగా శాంపిల్ చేసి, ట్రాక్ మీద కోరస్ వేసుకోవడం. అలా చేశాక కొన్న ప్లగిన్‌ను మళ్ళీ తెరిచింది లేదు. డ్రమ్ సింథ్‌దీ ఇంచుమించు అదే కథ. కిక్, స్నేర్‌లకి శాంపిళ్ళే మేలు. హై-హ్యాట్ మాత్రం పొడవు తగ్గించినా పెంచినా సహజంగా ఉంటుందని అప్పుడప్పుడు వాడతాను.

ఇక ఆర్కెస్ట్రా స్ట్రింగ్స్. వద్దు. గిగాబైట్ల కొద్దీ మూట, తెరవడానికి నిరీక్షణ, ఇంతా చేసి వయొలిన్ కమాను మార్పు వినిపించదు. ఈ తరగతి పెట్టెల్లో ర్యామ్ చాలావరకు 2 లేదా 4 గిగాబైట్లు, అందులో సిస్టమ్ వాటా పోను మిగిలినదే మనది. కంప్యూటర్‌లోని పెద్ద లైబ్రరీలతో దీన్ని పోల్చడమే అన్యాయం. స్ట్రింగ్స్ నిజంగా కావాలంటే కంప్యూటర్‌లో చేసి ఆడియోగా తెచ్చుకోండి.

డబ్బు కాక ఇంకో ఖర్చు ఉంది, దాన్ని అంగడి పేజీలో రాయరు. పాత రోజుల్లో అదనపు వాయిద్యం అంటే చేత్తో పట్టుకునే బోర్డు. రోలాండ్ జేవీ-1080 (1994) మూత తీసి ఎస్ఆర్-జేవీ80 బోర్డులు నాలుగు బిగించవచ్చు. యమహా పీఎల్‌జీ బోర్డులయితే ఇంకా ముందుకెళ్ళి, తమ చిప్‌ను, తమ పాలిఫొనీని (ఒకేసారి పలికే స్వరాల సంఖ్యను) తామే తెచ్చుకునేవి. పీఎల్‌జీ150-డీఎక్స్ బిగిస్తే అసలు సింథ్ స్వరాలు ఒక్కటి కూడా తగ్గకుండా 16 ఎఫ్ఎం స్వరాలు కొత్తగా వచ్చి చేరేవి. ఇప్పటి ప్లగిన్ అలా కాదు. కొత్త బలం ఏదీ తేదు, ఉన్న ప్రాసెసర్‌లోంచే అప్పు తీసుకుంటుంది. అందుకే ఎనిమిది వాయిద్యాలు కొన్నా ఒక పాటలో ఎనిమిదీ హాయిగా నడుస్తాయనుకోవద్దు. నా పద్ధతి: బాణీ ఖాయం కాగానే ఆ ట్రాక్‌ను ఆడియోగా బౌన్స్ చేసేసి (మామూలు రికార్డింగ్‌గా మార్చేసి), ప్లగిన్‌ను దించేస్తాను. అసలు ట్రాక్‌ను వేరే పేరుతో దాచిన ప్రాజెక్ట్‌లో ఉంచుతాను. ఇలా బౌన్స్ చెయ్యడం ఇంకో రకంగానూ మంచిదే, ఆ ప్లగిన్ లేని మిత్రుడికి ప్రాజెక్ట్ పంపితే అతని దగ్గర ఆ ట్రాక్ మూగబోతుంది.

ఆ పాత బోర్డులకి ఇంకో సుగుణం: ఇవాళ్టికీ చేతులు మారుతున్నాయి. లైసెన్స్‌కి ఆ భాగ్యం తక్కువ. సాధారణంగా అది మీ ఖాతాకి కట్టుబడి ఉంటుంది, పెట్టె అమ్మితే కొనేవాడికి పెట్టె మాత్రమే దక్కుతుంది. బదిలీకి ఒప్పుకుంటారా, ఎన్ని యంత్రాల మీద నడపనిస్తారు అన్నవి కొనకముందే చూసుకోవలసినవి. నా పెట్టెకు ఒకసారి లోపలి బోర్డు మార్చాల్సి వచ్చింది. తిరిగొచ్చాక కొన్న వాయిద్యాలన్నిటికీ మళ్ళీ తాళాలు పడ్డాయి, కొత్త యంత్రం అనుకుంది. ఉత్తరాలు రాసి, రసీదులు పంపి, తెరిపించుకునేసరికి చేతిలో ఉన్న పాట గడువు దాటిపోయింది. రసీదులు ఒకచోట దాచుకోండి.

అన్ని కంపెనీల తీరూ ఒకటి కాదు. నార్డ్ తన కీబోర్డులకి శబ్దాల లైబ్రరీని ఉచితంగానే ఇస్తుంది. రోలాండ్ వాళ్ళ ఆన్‌లైన్ అంగడి రోలాండ్ క్లౌడ్‌లో చందా ఒక దారి, లైఫ్‌టైమ్ కీ (ఒక్కసారి కొనేది) ఇంకో దారి. చందా నాకు పడదు. మూడేళ్ళ కిందటి పాట తెరిచి ఒక్క స్వరం మార్చాలనుకున్నప్పుడు, ఆ నెల చందా కట్టానా లేదా అని చూసుకోవలసిన స్థితి పాటలు కట్టేవాడికి ఉండకూడదు.

ట్రయల్ గురించి. ప్రీసెట్లు అమ్మకానికి కట్టినవి, సగం అందం వాటిలోని రివర్బ్, డిలేలదే. ముందు ఆ రెండూ ఆపేసి పొడిగా వినండి. తర్వాత ఖాళీ ప్రాజెక్ట్‌లో కాకుండా, ఇప్పటికే సగం అయిన మీ పాటలో పెట్టండి. ఒంటరిగా విన్నప్పుడు విశాలంగా ఉన్న ప్యాడ్, గొంతూ గిటారూ ఉన్నచోట అడ్డొస్తుంది. వాయించేటప్పుడు నాబ్‌ల మీదకి చెయ్యి వెళ్తోందా అన్నది గమనించండి. వెళ్ళకపోతే ఆ ప్రీసెట్ మీకు నచ్చింది, వాయిద్యం కాదు. ట్రయల్ గడువు మొదలుపెట్టేముందు చేతిలో పాట ఉందో లేదో చూసుకోండి, ఊరికే ఖాళీగా ఉన్న వారంలో నొక్కేస్తే ప్రీసెట్లు వినడంతోనే అయిపోతుంది.

కట్టగా కొంటే చవక అంటారు. నిజమే, విడివిడి ధరలతో పోలిస్తే. నేను కట్టగా తీసుకున్నవాటిలో ఆర్గన్, స్ట్రింగ్ మెషీన్, ఆర్కెస్ట్రా స్ట్రింగ్స్ ఉన్నాయి. ఎలక్ట్రిక్ పియానో, మోనో సింథ్ విడిగా కొన్నాను. ఏవి రోజూ తెరుస్తున్నానో పైన చెప్పాను. ఏడాది చివరి తగ్గింపులు దాదాపు ప్రతిసారీ వస్తాయి కాబట్టి, తొందర లేనివాళ్ళు అప్పటిదాకా ఆగి, కావలసిన ఒక్కదాన్నే తీసుకోవచ్చు. ఒక్కటే అయితే ఏది అని అడిగితే, వేలి ఒత్తిడి తెలిసే కీబోర్డు ఉన్నవాళ్ళకి ఎలక్ట్రిక్ పియానో. ప్యాడ్లు మాత్రమే ఉన్నవాళ్ళకి మోనో సింథ్, దాంతో పాటు పిచ్ వీల్ ఉన్న చిన్న కంట్రోలర్ ఒకటి.